అచ్చువేసిన రక్తనాళము

గతమాసమున నీ శీర్షిక క్రింద మధుమేహము గలవారు పాదములను కాపాడుకొనవలసిన విధమును గుఱించి వ్రాసియుంటిని. ఈ మాసమున వ్రాయదలచినది గుండెకు సంబంధించిన విషయము. దీనికి కారణము మా యింటనే కలిగినది. కావున ముందుగా దానిని విన్నవించి, పిదప శాస్త్రవిషయమునకు వచ్చెదను.

మా పెద్ద ఆడుబిడ్డగారికి అఱువదిరెండేండ్లు. పదునైదేండ్లుగా మధుమేహము కలదు. గడచిన వేసవిలో మేడమెట్లెక్కునపుడెల్ల ఆమెకు ఆయాసము వచ్చుచుండెను; దవుడయందు నొప్పి పుట్టి, నిలిచినంతనే తగ్గుచుండెను. ఆమె దానిని పంటినొప్పియనుకొని లవంగనూనె రాచికొనుచు రెండు నెలలు గడపెను. ఇంటిలో నెవరికిని చెప్పలేదు. ఒకనాడు పెరటిలో సొమ్మసిల్లగా, పిల్లలు ఆసుపత్రికి తీసికొనిపోయిరి. గుండెకు రక్తమునందించు నాళములు మూడింటను పూడిక యేర్పడినదనియు, బైపాసు శస్త్రచికిత్స చేయవలెననియు వైద్యులు చెప్పిరి. కాలినుండి యొక నాళమును తీసి గుండెకు కుట్టుదురని వినగానే ఆమెకు చెప్పరాని వెఱపు కలిగెను. సరిగా నా వారముననే ఆమె మనుమడు తన ఫోనులో నొక వార్త చదివి వినిపించెను. రక్తనాళములను యంత్రముతో అచ్చువేయు విద్య పుట్టినదని యా వార్త. ఇక నామె పట్టు విడువలేదు.

"అమ్మాయీ, పుస్తకము నచ్చువేసినట్లు నరములనే అచ్చువేయుచున్నారట. ఒకటిరెండేండ్లు ఆగినయెడల నా కాలు కోయకుండనే పని జరుగును గదా! ఈ మాట తమ్మునికి నీవే నచ్చజెప్పుము" అని నాతో ననెను.

మావారితో చెప్పగా, "బడిలో పిల్లలకు చెప్పు నా మాటకంటె నీ మాటయందే అక్కయ్యకు గుఱి. నిజమేమో నీవే తెలిసికొని చెప్పుము" అనిరి. నేను పదిదినములు వంటపని ముగిసిన పిమ్మట కూర్చుండి చదివితిని. తెలియనివానిని మా యూరి వైద్యురాలినడిగి తెలిసికొంటిని. ఇట్టి ప్రశ్న మీ యిండ్లలోను పుట్టవచ్చునని తలచి, ఆమెకు చెప్పినదానినే మీకును చెప్పుచున్నాను.

మొదట నొక మాటను సవరించుకొందము. మనము వాడుకలో రక్తము పాఱు గొట్టమును కూడ "నరము" అనుచుందుము. నరము వేఱు, రక్తనాళము వేఱు. నరము స్పర్శను, నొప్పిని, మెదడు పంపు ఆజ్ఞను మోయునది. రక్తము మోయునది నాళము. కాలినుండి తీయునది నరము కాదు గనుక నడక పోవునను భయము వలదు. ఆ నాళములలోను రెండు తెగలు కలవు. చిన్ననాట మా తండ్రిగారు నాచేత అమరకోశము వల్లింపించినపుడు నాడి, ధమని, సిర యనునవి పర్యాయపదములని నేర్చితిని. నేటి వైద్యశాస్త్రము వీనిని వేఱుచేసినది. గుండెనుండి శరీరమునకు రక్తమును తీసికొనిపోవునది ధమని; శరీరమునుండి గుండెకు మరల తెచ్చునది సిర. ధమని గోడ దళసరి, సిర గోడ పలుచన. ధమనిలోని యొత్తిడి హెచ్చు, సిరలోనిది చాల తక్కువ. ఈ భేదమును మఱవకున్నచో తక్కిన కథయంతయు సులభముగా తెలియును.

సుశ్రుతసంహిత శారీరస్థానమున సిరలు 700 అని లెక్క చెప్పబడినది. నీటికాలువలు ఉద్యానమును, పొలమును తడిపినట్లు అవి శరీరమును పోషించునని యందు పోలిక చెప్పిరి. గోదావరి కాలువలనడుమ పుట్టి పెరిగిన నాకు ఈ పోలికకంటె చక్కనిది కనబడదు. ఊరందఱికి నీరు తోడిపోయు గుండెకు కూడ తన దాహము తీఱవలెను గదా! దానికై గుండెపైననే వ్యాపించిన ధమనులు కలవు. అవి మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు గలవి; అనగా మనము తినాలుచేయు సేమియా పోగుకంటె లావైనవి. దినమునకు ఇంచుమించు లక్షసారులు కొట్టుకొను గుండెకు ఈ సన్నని కాలువలే యాధారము. వీనిలో క్రొవ్వు చేరి పూడిక యేర్పడినపుడు, పూడిన చోటును దాటించి, పైనుండి క్రిందికి ప్రక్కగా నొక క్రొత్తకాలువ త్రవ్వినట్లు మఱియొక నాళమును కుట్టుదురు. బైపాసు అనగా నింతే.

ఈ పద్ధతిని లోకమున నెలకొల్పినవాడు రెనే ఫవలోరో యను అర్జెంటీనా దేశపు వైద్యుడు. ఆయన తన దేశమున నొక మాఱుమూల పల్లెలో పండ్రెండేండ్లు వైద్యము చేసి, తరువాత అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమునకు పోయి శస్త్రవిద్య నభ్యసించెను. 1967వ సంవత్సరము మే నెలలో ఆయన కాలిసిరను తీసి గుండెధమనికి జోడించిన మొదటి రోగి 51 ఏండ్ల స్త్రీ. ఈ సంగతిని మా వదినగారికి చెప్పినపుడు ఆమె కొంత కుదుటబడెను.

అట్లయిన కాలిసిరయే చాలును గదా, యంత్రమున నచ్చువేయుట యెందులకని మీరడుగవచ్చును. ఇక్కడనే చిక్కున్నది. సిర పలుచని గోడ గలదని చెప్పితిని. తక్కువ యొత్తిడికలవాటుపడిన దానిని తీసి ధమని స్థానమున నుంచినపుడు, ఆ పోటునకోర్చుటకై దాని గోడ దళసరియగును. లోపల మరల పూడికయు నేర్పడును. ఇట్లు కుట్టిన కాలిసిరలలో ఇంచుమించు సగము పదేండ్లు గడచుసరికి మూసికొనిపోవుచున్నవి. ఱొమ్ముటెముక వెనుకనుండు ధమనిని వాడినయెడల పదింట తొమ్మిది పదేండ్లకును తెఱచియే యుండును. ఏలయన అది పుట్టుకతో ధమనియే. కాని యట్టిది మనకు కుడియెడమల రెండు మాత్రమే కలవు. మధుమేహము గలవారికి రెండింటిని తీసినచో ఱొమ్ముటెముక మానుట కష్టమగును. కొందఱకు కాళ్లలో సిరలు ఉబ్బి మెలికలు తిరిగియుండుటచే పనికిరావు. కొందఱకు వెనుకటి చికిత్సలోనే వాడివేయబడియుండును. అట్టివారికి నాళమెక్కడినుండి తేవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో మన స్త్రీల సూదిపని కెంత పాత్ర కలదో విన్నచో మీకు సంతోషము కలుగును.

1894లో ఫ్రాన్సుదేశపు అధ్యక్షుడు సాదీ కార్నో లియోను నగరమున కత్తిపోటునకు గుఱియయ్యెను. కడుపులోని పెద్ద రక్తనాళము తెగినది. తెగిన నాళమును కుట్టుట అప్పటి శస్త్రవైద్యులకు చేతకాదు గనుక ఆయన మరణించెను. ఆ నగరముననే వైద్యవిద్య నభ్యసించుచున్న అలెక్సీ కారెలు అను యువకుడు ఈ లోపమును తీర్పవలెనని పూనుకొని, లెరూదియే యను నొకామెయొద్ద సూదిపని నేర్చుకొనెనని చెప్పుదురు. ఆమె లియోను పట్టువస్త్రములపై పూలుకుట్టుటలో పేరొందినది. మిక్కిలి సన్నని సూది, పట్టుదారము, లోపలి పొర మడతపడకుండ అంచునకు అంచు చేర్చు నేర్పు: ఇవి ఆమె చేతిపనిలోనివి. కారెలు 1902లో తన కుట్టువిధానమును ప్రకటించెను. 1912లో దానికి నోబెలు బహుమాన మిచ్చిరి. బహుమానమున లెరూదియే పేరు లేదు. కాని నేటికిని గుండెశస్త్రచికిత్సలో నాళమును నాళముతో కలుపు ప్రతి కుట్టును ఆ విద్యకు సంతానమే.

1950వ దశకమున అమెరికాలోని హ్యూస్టను నగరమున మైకేలు డిబేకీ యను వైద్యుడు గుడ్డతోనే నాళమును కుట్టవచ్చునని తలచెను. ఆయనకు బాల్యముననే తల్లి కుట్టుపని నేర్పియుండెను. ఆయన బట్టలకొట్టునకు పోయి డాక్రాను గుడ్డ కొనితెచ్చి, భార్య కుట్టుమిషనుపై గొట్టములు కుట్టెను. ఆ డాక్రాను గొట్టములు పెద్దనాళములకు చక్కగా పనికివచ్చినవి. నేటికిని బృహద్ధమనికి వానినే వాడుచున్నారు. కాని గుండెపై నుండు సన్నని ధమనులకు అవి పనికిరాలేదు. ఆఱు మిల్లీమీటర్లకంటె సన్ననైన గుడ్డగొట్టము, ప్లాస్టిక్కు గొట్టము త్వరలోనే రక్తము గడ్డకట్టి మూసికొనును.

కారణము వినుడు. మన నాళమునకు మూడు పొరలు కలవు. వెలుపలిది బలము నిచ్చునది. నడిమిది బిగియుచు సడలుచుండు కండ. లోపలిది ఒక్క కణము మందము గల నునుపైన పొర. ఈ లోపలి పొర ఊరక పఱచిన చాప వంటిది కాదు. అది ప్రాణము గలది; రక్తము గడ్డకట్టకుండ ఎల్లవేళల కాపలాకాయునది. పెద్దకాలువలో నొడ్డున నాచు పట్టినను నీరు పోవును. బోదెలో పట్టినచో నీరు నిలిచిపోవును. గుండెధమని బోదె వంటిది. కావున దానికి బదులుగా నుంచు గొట్టమునకు ఈ సజీవమైన లోపలి పొర యుండితీరవలెను. దీనిని గుడ్డతో కుట్టలేరు, జీవకణములతోనే చేయవలెను. ఇందుకై పుట్టినదే బయోప్రింటింగు, అనగా జీవముద్రణము.

ముద్రణమనగానే కాగితము, సిరా మన మనస్సునకు వచ్చును. ఇక్కడ సిరా బదులు జీవకణములు కలిపిన మెత్తని జిగురుపదార్థము. దానిని యంత్రపు మొనలోనుండి వత్తుదురు. జంతికల గొట్టములో పిండినుంచి నొక్కుచు చుట్టలుగా త్రిప్పుట మనకలవాటే. యంత్రమును అట్లే చేయును. అయితే చేతికి బదులు కంప్యూటరు దానిని నడపును, పోగు వెండ్రుకంత సన్నముగ నుండును, ఒక వరుసపై నింకొక వరుస పేర్చుచు గోడ లేపును. పిండి పలుచనైన జంతిక చీలిపోవును. గట్టిదైన గొట్టము నొక్కుటయే కష్టము. ఇక్కడి కష్టమును సరిగా నిదియే. జిగురు పలుచనైన నాళము కూలును. గట్టిదైన మొనలో నొక్కుడుపడి కణములు చచ్చును.

ఈ చిక్కును విడదీయుటకు శాస్త్రజ్ఞులు పట్టిన మార్గములు మన వంటయింటికి, పూజగదికి చుట్టములవలె నున్నవి. 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు చక్కెరతో నొక జాలరి నచ్చువేసిరి. మనము తీగపాకము పట్టినపుడు తీగ సాగి గట్టిపడును గదా, అట్టి తీగెల నల్లిక యది. దానిచుట్టును కణములు కలిపిన జిగురుపోసి, గట్టిపడిన తరువాత చక్కెరను నీటిలో కరగించివేసిరి. తీగెలున్నచోట్ల గొట్టములు మిగిలినవి. వానిలో లోపలిపొర కణములను నాటి రక్తమును పాఱించిరి. పంచలోహవిగ్రహములు పోతపోయు మన శిల్పులు మైనముతో చేయునది నిదియే.

కార్నెగీ మెలను విశ్వవిద్యాలయమువారు 2019లో మఱియొక యుపాయము చూపిరి. కొల్లాజెను అనునది మన చర్మమునకును, నాళములకును బలము నిచ్చు ముఖ్యపదార్థము. కాని యది పలుచన, నిలువదు. వారు దానిని గాలిలో గాక జెలటిను ముద్దలోపల నచ్చువేసిరి. ముద్ద దానిని పడిపోకుండ పట్టియుంచును. తరువాత శరీరపు వెచ్చదనమునకు తెచ్చినంతనే జెలటిను కరగి జాఱిపోవును, అచ్చువేసినది నిలుచును.

జపానులోని సాగా విశ్వవిద్యాలయమువారి పద్ధతి పేరు కెన్జాను. ఆ దేశపు స్త్రీలు పూవులమర్చుటకు సూదిమొనలు గల యొక పీటను వాడుదురు. దాని పేరే యిది. కణములను చిన్నచిన్న యుండలుగా పెంచి, మల్లెలు గ్రుచ్చినట్లు వానిని వలయాకారముగ నిలిపిన సూదులకు గ్రుచ్చుదురు. కొన్నినాళ్లకు ఉండలు ఒకదానికొకటి అతుకుకొని గొట్టమగును. అప్పుడు సూదులు తీసివేయుదురు. ఇట్టి గొట్టములను ఎలుకల బృహద్ధమనిలో కుట్టగా, వాని లోపలిపొర తనంతట ఏర్పడినదని 2015లో ప్రకటించిరి.

మా వదినగారి మనుమడు చదివిన వార్త ఎడింబరో విశ్వవిద్యాలయమువారిది. స్కాట్లాండుదేశపు ఆ శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిన పద్ధతిలో కదురు కలదు. తిరుగుచున్న కదురుచుట్టు నీరుగొన్న జిగురుతో గొట్టము నచ్చువేయుదురు. ఆ గొట్టము మెత్తన. రక్తపు పోటునకు పగులును. కావున విద్యుచ్ఛక్తితో పదార్థమును మిక్కిలి సన్నని నూలుగా వడకి దానిపై కప్పుదురు. ఆ నూలు కొంతకాలమునకు శరీరములో కరగిపోవు జాతిది. ఒక మిల్లీమీటరు మొదలు 40 మిల్లీమీటర్ల వఱకు నే వెడల్పునకైనను ఇట్లు చేయవచ్చుననియు, సహజనాళమంత దృఢముగ నున్నదనియు వారు తెలిపిరి. వారు బైపాసు చికిత్సను దృష్టిలో నుంచుకొనియే దీనిని చేసిరి. అబ్బాయి చదివినది అబద్ధము కాదు. కాని యది ప్రయోగశాలలోని పరీక్ష. మనుష్యుని గుండెలో కుట్టిన నాళము కాదు.

ఈ రంగమున నొక స్త్రీ చేసిన కృషిని చెప్పక విడువజాలను. లారా నిక్లాసను అను అమెరికా వైద్యురాలు రోగులకు మత్తుమందిచ్చు విద్యలో నిపుణురాలు. శస్త్రచికిత్స వేళ మంచి నాళము దొరకక వైద్యులు రోగి కాళ్లుచేతులు వెదకుట ఆమె కన్నులార చూచినది. ఆమెయు, ఆమె సహచరులును 1999లో, కరగిపోవు పోగుల యల్లికపై కండకణములను నాటి, గుండె కొట్టుకొనునట్లు దానికి పోటు తగిలించుచు ప్రయోగశాలలో ధమనిని పెంచిరి. ఇది అచ్చుపని కాదు, పెంపకము. తరువాతి కాలమున, అట్లు పెంచిన నాళములోని కణములను కడిగివేసి, కొల్లాజెను గొట్టమును మాత్రము మిగుల్చు పద్ధతి వచ్చినది. కణములు లేనందున నది పరునిదని శరీరము త్రోసిపుచ్చదు; ముందుగనే చేసి నిలువ యుంచవచ్చును. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ దీనికి సిమ్వెస్ అను పేర అనుమతి నిచ్చినది. అయితే గుండెకు కాదు. ప్రమాదములలో కాలుసేతుల ధమనులు తెగి, వెంటనే రక్తప్రసారము పునరుద్ధరింపవలసియుండి, సొంతసిర వాడుటకు వీలులేనివారికి మాత్రమే. అది పగులుటయు, గడ్డకట్టుటయు సంభవింపవచ్చునని హెచ్చరికయు జోడించిరి. మొదటి ప్రకటనకును ఈ యనుమతికిని నడుమ ఇరువదియైదేండ్లు గడచినవి. ఈ లెక్కను మనసులో నుంచుకొనుడు.

మన హైదరాబాదులోను జీవముద్రణము జరుగుచున్నది. ఎల్. వి. ప్రసాదు నేత్రవైద్యసంస్థ, ఐ.ఐ.టి. హైదరాబాదు, సి.సి.ఎం.బి. అను మూడు సంస్థలు కలిసి కంటి నల్లగ్రుడ్డుపై నుండు పారదర్శకపు పొరను అచ్చువేసి కుందేటి కంటిలో నమర్చినట్లు 2022లో ప్రకటించినవి. మనకు గర్వకారణమే. కాని కంటిపొరకు రక్తనాళములుండవు. అందువలన అది కొంత సులువు. గుండెకండ వంటి మందమైన యవయవము నచ్చువేయవలెనన్నచో, దానిలో ప్రతి కణమునకు వెండ్రుకంత దగ్గఱలో రక్తము పాఱవలెను. అట్టి సూక్ష్మనాళముల వల నచ్చువేయుట బైపాసు గొట్టముకంటె నెన్నో రెట్లు కష్టము. కావున "గుండెనే అచ్చువేయుదురట" అను మాట విన్నపుడు ఈ భేదమును గుర్తింపుడు.

ఒక గొట్టమునకైనను దాటవలసిన గడపలు చాల కలవు. పోటునకు పగులకుండవలెను, కుట్టుచోట చినుగకుండవలెను, సన్ననిదయ్యును గడ్డకట్టకుండవలెను, ఏండ్లతరబడి తెఱచియుండవలెను. రోగి సొంతకణములతో చేయవలెనన్నచో వానిని పెంచుటకే వారములు, నెలలు పట్టును. గుండెనొప్పితో వచ్చినవారికి అంత వ్యవధి యుండదు. మొదట జంతువులలో చూడవలెను. పిమ్మట కొలదిమంది మనుష్యులలో, తరువాత పలువురిలో. పదేండ్లు తెఱచియుండునని తెలియుటకు పదేండ్లు వేచియుండుట తప్ప దగ్గఱదారి లేదు.

ఇదంతయు తెలిసికొని వదినగారి యింటికి పోయితిని. ఆమె వాకిట కూర్చుండి కరివేపాకు దూయుచుండెను.

"ఏమి తేలినది, అమ్మాయీ?" అనెను.

"అచ్చు నాళము నిజమే, వదినగారూ. కాని యది నేడు ఏ యాసుపత్రిలోను గుండెకు కుట్టుటకు సిద్ధముగ లేదు. ఒకటిరెండేండ్లలో వచ్చునని చెప్పుటకు ఆధారమును లేదు. మీ గుండెలో పూడిక మాత్రము నేడే యున్నది."

ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, "అయిన నా కాలు కోయక తప్పదా?" అని యడిగెను.

దీనికి సమాధానము నాయొద్ద లేదు. వైద్యుల నడుగవలసినదే. కావున ఇద్దఱము కలిసి కాగితముపై మూడు ప్రశ్నలు వ్రాసికొంటిమి. ఱొమ్ములోని ధమని నుపయోగింతురా? కాలిసిర తీసినచో పొడవుగ కోయుదురా, చిన్నరంధ్రములద్వారా తీయుదురా? మధుమేహము గలవారి కాలిగాయము మానుటకు ముందుగ నేమిచేయవలెను? వైద్యులు విసుగుకొనక చెప్పిరి. ముఖ్యమైన ధమనికి ఱొమ్ములోనిదియు, తక్కిన రెండింటికి కాలిసిరయు వాడుదురనియు, ఆమె సిర స్థితినిబట్టి కాలు కొంత పొడవుగనే కోయవలసివచ్చుననియు తెలిపిరి. ఆషాఢమని బంధువులు కొందఱు వెనుదీసిరి. శ్రావణమున నోముముగించుకొని పోవచ్చునని మఱికొందఱనిరి. వదినగారే, "నోము నోచుకొనుటకు నేనుండవలెను గదా!" అని బయలుదేఱెను.

చికిత్స జయప్రదముగ జరిగినది. ఱొమ్ముగాయము ఆఱువారములలో మానినది. కాలిగాయము మాత్రము చీముపట్టి, పిక్కనుండి తొడవఱకు వాచి, రెండున్నర మాసములు బాధించినది. ఆ కట్లు విప్పి కట్టినది నేనే. కాలిసిరకు బదులు వేఱొకటి కావలెనని శాస్త్రజ్ఞులు ఎందులకింత తపించుచున్నారో, పుస్తకములలో చదివినప్పటికంటె ఆ గాయమును దినదినము కడుగుచున్నప్పుడే నాకు బాగుగ తెలిసినది. ఇప్పుడు కార్తికమున ఆమె వేకువనే లేచి, కోవెలవఱకు నడచి దీపము పెట్టి వచ్చుచున్నది. దవుడనొప్పి లేదు. మొన్న నన్ను చూచి, "ఆ అచ్చుపనివారిని కొంచెము త్వరపడుమని వ్రాయవే. నాకు తీఱిపోయినది, నీ కూతురి కాలమునకైనను ఈ కాలికోత లేకుండవలెను" అనెను.

సోదరీమణులారా! ఆమె చెప్పినదే నా కోరికయు. శాస్త్రముపై నమ్మకము మంచిదే. కాని రాబోవు చికిత్సకై నేటి చికిత్సను మానుకొనుట శాస్త్రముపై నమ్మకము కాదు. మన యిండ్లలో స్త్రీలు నొప్పిని దాచుకొనుట యలవాటైనది. గుండెజబ్బు స్త్రీలకు ఎల్లప్పుడు ఱొమ్మునొప్పిగనే రాదు. దవుడ, మెడ, వీపు, భుజములయందు నొప్పి, కారణము లేని యలసట, ఆయాసము, వికారము, చెమట అను రూపములలోను వచ్చును. పనిచేయునపుడు వచ్చి, నిలిచినంతనే తగ్గు నొప్పిని ఉపేక్షింపకుడు. నిలిచినను తగ్గనియెడల గడియయైనను ఆలసింపక ఆసుపత్రికి పొండు. చికిత్స యవసరమన్నపుడు మీకు కలిగిన సందేహములను కాగితముపై వ్రాసికొని వైద్యుల నడుగుడు. అడుగుట తప్పు కాదు. కాలిసిర తీసినవారు కూర్చున్నపుడు కాలిని ఎత్తుగా నుంచవలెను. గాయమును పొడిగ, శుభ్రముగ నుంచవలెను. రక్తములోని చక్కెరను అదుపులో నుంచుకొనవలెను. ఎఱ్ఱదనము, చీము, జ్వరము కనబడినచో వెంటనే చూపవలెను.

ఇంకొక మాట. మన బాలికలకు సూదిపని నేర్పుదుము, మంచిదే. లెరూదియే చేతిపని కారెలుకు విద్యయైనది, డిబేకీ తల్లి నేర్పిన కుట్టు నాళమైనది. కాని వారిద్దఱి చేతిపనిని శస్త్రముగా మార్చినవారు పురుషులు. నిక్లాసను తానే చదివి, తానే చేసినది. సూదితోకూడ జీవశాస్త్రమును, గణితమును మన పిల్లలకు నేర్పినచో, రాబోవు నాళమును అచ్చువేయువారిలో మన యింటిబిడ్డయు నుండవచ్చును.

ఈ విషయమున సందేహములు గలవారు పత్రికాకార్యాలయమునకు వ్రాసినచో తెలిసినంతవఱకు సమాధానమిచ్చెదను. వచ్చు మాసమున రక్తపు పోటును ఇంటివద్ద కొలుచుకొనుటలో మనము చేయు పొరపాటులను గుఱించి వ్రాసెదను.